ఏడో ప్లేటులోని ఇల్లాలు

మా డ్రాయింగు మేష్టారి దగ్గర ఒక చెక్కపెట్టె ఉండేది. అందులో ముప్ఫై రెండు అచ్చుబొమ్మలు, ఒక్కొక్కటీ దళసరి అట్టకు అంటించినవి. ఇటలీ, హాలెండు, జర్మనీ దేశాల్లో మూడు నాలుగు వందల ఏళ్ళ కిందట గొప్ప చిత్రకారులు గీసినవాటికి అచ్చులు. మద్రాసులో చదువుకునే రోజుల్లో, దేశం విడిచి వెళ్ళిపోతున్న ఒక దొర ఇంటి సామాను వేలం వేస్తుంటే కొన్నానని చెప్పేవారు. వాటిని ఆయన బొమ్మలు అనేవారు కాదు, ప్లేట్లు అనేవారు. ప్రతిదాని వెనక ఒక అంకె వేసి ఉండేది. గీసినవాళ్ళ పేర్లు మాకు చెప్పేవారు కాదు.

"పేరు తెలిస్తే భయం పుడుతుంది. భయం పుడితే గీత వణుకుతుంది. అంకె చాలు," అనేవారు.

ఆ పెట్టె ఇప్పుడు నా దగ్గరే ఉంది. అందులోని ఏడో ప్లేటు గురించి రాయాలని కూర్చున్నాను. నా డైరీలు యాభైకి పైగా ఉన్నాయి. వాన పడ్డదీ, రైలు ఆలస్యమైందీ, బడిలో ఏ తరగతికి ఏ పాఠం చెప్పిందీ అన్నీ ఉన్నాయి. ఆ ప్లేటుతో నేను చేసిన పని మాత్రం ఎక్కడా లేదు. ఎన్నిసార్లు తిరగేసినా లేదు.

అరవైల మొదట్లో, నాకు పందొమ్మిదేళ్ళప్పుడు, తెనాలిలో ఆయన దగ్గర చేరాను. ఎస్సెల్సీ రెండోసారికి గట్టెక్కినవాణ్ణి. మా నాన్న రైసుమిల్లులో గుమాస్తా. టైపు నేర్చుకోమన్నాడు. నేను డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు రాసి బడిలో డ్రాయింగు మేష్టరు ఉద్యోగం తెచ్చుకుంటానన్నాను. ఉద్యోగం అన్న మాట విని ఊరుకున్నాడు. ఇంట్లో నలుగురం. అమ్మ, నాన్న, నేను, నాకంటే పద్దెనిమిదేళ్ళు చిన్నదైన చెల్లెలు. మా ఇద్దరి మధ్య పుట్టినవాళ్ళెవరూ దక్కలేదు.

మేష్టారి గది కాలవకు దగ్గరగా ఒక అచ్చాఫీసు మేడమీద ఉండేది. కింద మిషను తిరిగినప్పుడల్లా పైన బల్లలు అదిరేవి. ఆ అదురులోనే గీత తిన్నగా రావాలి. ఎవరైనా మిషను మీద వంక పెడితే, "పరీక్ష హాల్లో నీ గుండె ఇంతకంటే ఎక్కువ అదురుతుంది, అలవాటు చేసుకో," అనేవారు.

ఆయన పద్ధతి ఇది. మొదటి ఏడాది ప్లేటు మీద దారాలతో గళ్ళు కట్టి, కాగితం మీద అవే గళ్ళు గీసుకుని, గడికి గడి దించాలి. రెండో ఏడాది గళ్ళు తీసేస్తారు. మూడో ఏడాది ప్లేటును పావుగంట చూడనిచ్చి పెట్టెలో పెట్టి మూత వేసేస్తారు. చూసింది గుర్తుపెట్టుకుని గీయాలి. అయ్యాక పలచటి ట్రేసింగు కాగితం పరిచి, ఏ గీత ఎంత తప్పిందో ఎర్ర పెన్సిలుతో చూపిస్తారు. ఒక ప్లేటు ఆయనకు నచ్చేదాకా ఇంకో ప్లేటు ఇవ్వరు.

నేను ఎక్కువకాలం ఆగిపోయింది ఏడో ప్లేటు దగ్గర. అది ఒక హాలెండు ఇల్లాలి ముఖం. తలమీద తెల్లటి గుడ్డ, ముఖం కొంచెం పక్కకు తిరిగి ఉంటుంది. కళ్ళు ఒళ్ళో ఉన్న దేన్నో చూస్తున్నట్టు కిందికి వాలి ఉంటాయి. ఆ ఒడి బొమ్మలో లేదు. పై రెప్పను ఆ చిత్రకారుడు ఒక్క గీతలో తేల్చాడు. సన్నగా మొదలై, మధ్యలో బరువెక్కి, చివర మళ్ళీ సన్నబడే గీత. కింది రెప్పకు గీతే లేదు, నీడ మాత్రం ఉంది. కింది పెదవి కింద బొటనవేలితో అద్దినంత చీకటి. ఆ రెప్ప గీత నాకు ఏడాదిన్నర దాకా పట్టుబడలేదు. నా డైరీ ప్రకారం ఆ ముఖాన్ని నూటపన్నెండుసార్లు గీశాను. చివరికి కళ్ళు మూసుకున్నా చెయ్యి దానంతటది గీసేది. మేష్టారు ఎర్ర పెన్సిలు తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్న రోజున ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాను.

బొగ్గుకడ్డీలు మాకు మా అమ్మే తయారుచేసేది. సన్నటి కందికంప ఏరి, జానెడు ముక్కలు చేసి, రేకుడబ్బాలో గాలి చొరకుండా మూసి, వంట అయ్యాక పొయ్యిలో నిప్పుల మధ్య పెట్టేది. పొద్దున తీస్తే నల్లగా, తేలిగ్గా, కాగితం మీద మెత్తగా పలికే కడ్డీలు వచ్చేవి. మేష్టారు వాటిని మెచ్చుకుని మిగతా కుర్రాళ్ళకీ తెమ్మనేవారు.

నేను ఇంటికి తెచ్చే ఏడో ప్లేటు నకళ్ళను చూసి అమ్మ ఒకసారి అడిగింది. "ఎవర్రా ఈవిడ? రోజూ ఇంటికి తీసుకొస్తన్నావు."

"పరాయి దేశం ఆవిడమ్మా."

"ఏదో పారేసుకున్నట్టుంది పాపం. పొద్దస్తమానం కిందే వెతుక్కుంటంది. దొరికిందేమో ఒకసారి అడగరాదా?"

"అడుగుతా గానీ, నువ్వొకసారి కూర్చో. నీ ముఖం గీస్తాను."

"నన్నా? బతికున్నదాని బొమ్మ గీస్తే ఆయుష్షు తగ్గుద్దని మా నాయనమ్మ చెప్పేది. అయినా గోడకెక్కేది పోయినాకేగా. అంత తొందరేంటి నీకు?"

నవ్వుతూనే అంది. కానీ ఎంత బతిమాలినా కూర్చోలేదు. ఫోటోకి కూడా అంతే. చెల్లెలి అన్నప్రాసన నాడు మా పెదనాన్న ఒక ఫోటోగ్రాఫరును పిలిపించాడు. అతను బటను నొక్కే సమయానికి అమ్మ బిడ్డ మూతి తుడిచే వంకతో తల వంచేసింది. ఆ ఫోటోలో అమ్మది పాపిట, కొంచెం నుదురు కనపడతాయి. అంతే. మా అమ్మకు ఉన్న ఫోటో అదొక్కటే.

పన్నెండో ప్లేటు చేతుల బొమ్మ. నా వంతు వచ్చి పెట్టె తెరిచేసరికి దాన్ని చెదలు తినేశాయి, అంచులు మిగిలాయి.

"పోతే పోయింది. మీ ఇంట్లో చేతులున్న మనుషులు లేరేంటోయ్?" అన్నారు మేష్టారు.

అమ్మను అడిగితే చాలాసేపు ఆలోచించి, "చెయ్యి వరకేనా? ముఖం జోలికి రావుగా?" అని ఒప్పుకుంది. చింతపండులో గింజలు తీస్తూ, చెయ్యి చేట అంచు మీద ఆనించి కూర్చుంది. నేను గీయడం మొదలుపెట్టాను. ప్లేటు కదలదు, చెయ్యి కదులుతుంది. గీత వేసి తల ఎత్తేసరికి వేలు ఇంకోచోట ఉండేది. చూపుడువేలి కణుపు దగ్గర కత్తిపీట గాటు, బొటనవేలి గోటి కింద చింతపండు మరక, అన్నీ చూసి వేస్తూ మూడు వేళ్ళు పూర్తిచేశాను. అంతలో లోపల పాలు పొంగాయి. లేచి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. రెండు వేళ్ళకు గీతలు మాత్రమే, అరచెయ్యి ఖాళీ.

ఆ కాగితాన్ని సిగ్గుపడుతూనే మేష్టారికి చూపించాను. ఆయన కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చాలాసేపు చూశారు.

"తప్పులున్నాయి," అన్నారు. "కానీ నువ్వు నా దగ్గరకొచ్చాక చూసి గీసింది ఇదొక్కటే. ఇక ప్లేట్లు చాలు. రేపటినుంచి ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకో."

నాకు కోపం వచ్చింది. నూటపన్నెండుసార్లు గీసి సాధించిన ముఖం కంటే ఈ సగం చెయ్యి గొప్పదంటే నమ్మలేకపోయాను. పైగా పరీక్షలు దగ్గరపడ్డాయి, పరీక్షలో మనుషులను గీయమని అడగరు. ఇప్పుడు కాదులెమ్మనుకున్నాను. ఆ కాగితాన్ని ఆ ఏటి డైరీలో పెట్టి మర్చిపోయాను.

రెండు పరీక్షలూ ప్యాసయ్యాను. బాపట్లలో ఒక హైస్కూల్లో డ్రాయింగు మేష్టరుగా చేరాను. వెళ్ళేముందు నమస్కారం పెట్టడానికి పోతే మేష్టారు ఒక్క మాటే అన్నారు. "మనుషుల్ని గీయడం నేర్చుకోకుండా పోతున్నావు. నీ చేతిలో ఉన్నవి నా ప్లేట్ల ముఖాలే. ఆదివారాలు రా, మిగతాది చూద్దాం." వస్తానండీ అన్నాను. ఒక్క ఆదివారం కూడా వెళ్ళలేదు.

బాపట్ల వచ్చిన ఏడాదే, వానాకాలంలో, బడికి తంతి వచ్చింది. అమ్మకు తొమ్మిది రోజులుగా జ్వరమని, నేను కంగారుపడతానని రాయలేదని తర్వాత తెలిసింది. నేను తెనాలిలో దిగి ఇంటికి చేరేసరికి నాకోసమే ఆపి ఉంచారు. ముఖమంతా పసుపు రాసి, రూపాయి కాసంత బొట్టు పెట్టారు. చూశాను. కానీ ఆ పసుపు వెనక ఉన్న ముఖాన్ని చూడనే లేదు. ఆ సంగతి తర్వాత నాలుగు రోజులకు గానీ నాకు తెలియలేదు.

నాలుగో రోజున నాన్న నా పక్కన కూర్చుని, "నాలుగేళ్ళు నేర్చుకున్నావు గదా. మీ అమ్మని గీయి. పెద్దకర్మ నాటికి పటం ఉండాలి," అన్నాడు. ఆ కాస్త అనడానికే ఆయనకు చాలా కష్టమైంది.

వడ్లబస్తాల గదిలో కిటికీ దగ్గర బల్ల వేసుకున్నాను. కాగితం బిగించాను. అటక మీది రేకుడబ్బా దించితే అమ్మ కాల్చిన కడ్డీలు ఇంకా పది పన్నెండు ఉన్నాయి. ఒకటి తీసుకుని కూర్చున్నాను. అమ్మ నడక గుర్తొచ్చింది. కొంగు దోపుకునే తీరు, పిలిచే గొంతు, కళ్ళాపి చల్లేటప్పుడు వంగిన వీపు గుర్తొచ్చాయి. ముఖం దగ్గరకు వచ్చేసరికి ఏమీ లేదు. కనుబొమకూ కంటికీ మధ్య ఎంత దూరం? పై పెదవి పలచనా, మందమా? ఇరవై మూడేళ్ళు రోజూ చూసిన ముఖం, వీటిలో ఒక్కదానికీ నా దగ్గర సమాధానం లేదు. మూడు రోజులు అలాగే కూర్చున్నాను. గీత వేసిన ప్రతిసారీ చెయ్యి తనకు తెలిసిన దారిలోనే పోయింది. సన్నగా మొదలై, మధ్యలో బరువెక్కి, చివర సన్నబడే రెప్ప. బొగ్గును పీల్చే రొట్టెముక్కతో తుడిచేసి మళ్ళీ గీస్తే మళ్ళీ అదే.

ఏడో రోజున తుడవడం మానేశాను. తలగుడ్డ తీసేసి, అన్నప్రాసన ఫోటోలోని పాపిటనూ నుదురునూ దించాను. ముక్కుకు అమ్మ పుడక, నుదుట అమ్మ బొట్టు, భుజాన అమ్మ గళ్ళచీర అంచు పెట్టాను. బొగ్గు రాలకుండా నీళ్ళు కలిపిన పాలు చిమ్మి ఆరబెట్టాను. అది చాలా బాగా కుదిరిన బొమ్మ. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ అంత శుభ్రంగా నేను ఏదీ గీయలేదు.

పెద్దకర్మ నాడు అందరూ చూశారు. దుగ్గిరాల నుంచి వచ్చిన పెద్దమ్మ, "ముక్కు కొంచెం కోసుగా పెట్టావు గానీ, మా చెల్లెలే నాయనా," అని కొంగు నోట్లో కుక్కుకుంది. పక్కింటావిడ, "తల దించుకోవడం అచ్చం ఆమెదే," అంది. వాళ్ళు చూసింది పుడకనూ చీరనూ అని నాకు తెలుస్తూనే ఉంది. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని చూశాడు.

"మేకు ఎక్కడ కొట్టమంటావు?" అన్నాడు.

పరామర్శకు వచ్చిన మేష్టారు పటం ముందు కొంచెంసేపు నిలబడి, బయటికి వచ్చేశారు. సందు చివరిదాకా ఆయన వెంట నడిచాను.

"ఏడో ప్లేటు," అన్నారు.

"అవునండి."

"ముఖం రాలేదా?"

"రాలేదండి."

"ఎవరికైనా చెప్పావా?"

"లేదండి."

"ఇవాళే చెప్పు. రేపటికి ఇంకొంచెం కష్టమవుద్ది. పోనుపోను అసలు చెప్పలేవు. పెద్దాళ్ళకి ఫర్వాలేదయ్యా, వాళ్ళ కళ్ళలో ఆవిడ ఉంది. ఆ పసిదానికి మాత్రం నువ్వు గీసిందే మిగుల్తుంది."

చెప్తానండీ అన్నాను. ఇంటికి వచ్చేసరికి చెల్లెలు పటం కింద గోడకు ఆనుకుని, తల పైకెత్తి కూర్చుని ఉంది. దానికి ఐదేళ్ళు. "అమ్మ కిందికి చూస్తంది గదా అన్నయ్యా. నేనిక్కడ కూర్చుంటే నన్నే చూస్తంది," అంది. అప్పుడు చెప్పలేకపోయాను. మర్నాడు బాపట్ల రైలెక్కాను.

ఆ తర్వాత చెల్లెలు ఆ గోడ కిందే పెరిగింది. పలక అక్కడే దిద్దింది, జడ అక్కడే వేసుకుంది. బడిలో మార్కులు పటానికి చదివి వినిపించేది. నాన్న మాత్రం అన్నం తినేటప్పుడు ఆ గోడకు వీపు పెట్టి కూర్చునేవాడు. చూస్తే దుఃఖం ఆగదు కాబోలని నేను అనుకునేవాణ్ణి. మేకు కొట్టిన రోజు తర్వాత ఆయన ఆ పటాన్ని కళ్ళెత్తి చూడగా నేను చూడలేదు.

చెల్లెలికి పన్నెండేళ్ళప్పుడు, వేసవి సెలవులకు నేను వెళ్ళినప్పుడు, చేతి అద్దం పట్టుకుని పటం పక్కన నిలబడి కనిపించింది. ఒకసారి అద్దంలోకి, ఒకసారి పటంలోకి చూసుకుంటోంది.

"నాది అమ్మ పోలిక కాదు గదా అన్నయ్యా?"

"నాన్న పోలికలే."

"అనుకున్నా. అమ్మ అందగత్తె."

అద్దం తీసుకెళ్ళి గూట్లో పెట్టేసింది. ఆ రోజు నా డైరీలో ఎండ తీవ్రంగా ఉందనీ, మామిడిపండ్లు తెచ్చాననీ రాసి ఉంది.

డెబ్బైల మధ్యలో నాన్న పోయాడు. ఆయన కళ్ళజోడు పెట్టెలో, అడుగున ఉండే మఖమలు గుడ్డ కింద, ఒక ఫోటో ముక్క దొరికింది. అన్నప్రాసన ఫోటోలోంచి కత్తెరతో కత్తిరించుకున్నది. తల వంచుకున్న అమ్మ, పాపిట మాత్రం. రోజూ కళ్ళజోడు తీసినప్పుడూ పెట్టినప్పుడూ ఆయన చూసుకున్నది దాన్నే, గోడమీది పటాన్ని కాదు. దాన్ని చెల్లెలికి చూపించకుండా నా పెట్టెలో దాచాను. చూపిస్తే ఎందుకని అడుగుతుంది.

మరి రెండేళ్ళకు చెల్లెలి పెళ్ళి రేపల్లెలో కుదిరింది. కట్టుకెళ్ళే సామాను సర్దుతూ, "పటం నీ దగ్గరుండనీ, నాకొకటి గీసివ్వు. అత్తారింట్లో నాకంటూ ఒకటుండాలిగా," అంది. తెనాలి ఇల్లు ఖాళీ చేసి పటాన్ని నేను బాపట్ల తెచ్చుకున్నాను. దారాలతో గళ్ళు కట్టి, మేష్టారు మొదటి ఏడాది నేర్పినట్టే, గడికి గడి దించాను. నా బొమ్మకు నేనే నకలు తీశాను. అప్పుడైనా చెప్పవలసింది. పెళ్ళి పనుల్లో ఏం చెప్తాంలెమ్మనుకున్నాను.

మేష్టారు పోయాక ఆయన కోడలు చెక్కపెట్టె నాకు పంపించింది. మూత లోపల ఆయన చేతిరాతతో నా పేరు రాసి పెట్టారట. నేను తెరవలేదు. బీరువా పక్కన పెట్టాను.

చెల్లెలు ఐదు నెలల ఆడపిల్లను ఎత్తుకుని బాపట్ల వచ్చింది ఆ మరుసటి వేసవిలోనే. మధ్యాహ్నం కరెంటు పోయింది. పిల్ల ఏడుస్తోంది. నేను వరండాలో బడిపిల్లల డ్రాయింగు కాగితాలు దిద్దుతున్నాను. విసరడానికి అట్ట ఏదైనా కావాలని చెల్లెలు గదిలోకి వెళ్ళి, చెక్కపెట్టె తెరిచి, చేతికి దొరికిన అట్ట తెచ్చుకుని విసరసాగింది. పిల్ల నిద్రపోయింది. విసరడం కొంచెంసేపటికి ఆగింది.

"అన్నయ్యా, అమ్మ తలమీద ఈ గుడ్డేంటి?"

తల ఎత్తి చూశాను. ఆమె చేతిలో ఏడో ప్లేటు.

"అది అమ్మ కాదమ్మా."

"మరెవరు?"

"తెలియదు. మేష్టారి ప్లేటు. హాలెండు ఆవిడ ఎవరో."

ఆమె ప్లేటును వెనక్కి తిప్పి అంకె చూసింది, మళ్ళీ ముందుకు తిప్పింది. గది గోడకున్న పటాన్ని చూసింది.

"అమ్మ ఈవిడలా ఉండేదా?"

"లేదు. నాకు అమ్మ ముఖం రాలేదు. వచ్చింది గీసేశాను."

పిల్ల ముఖం మీద ఈగ వాలితే ఆ ప్లేటుతోనే తోలింది.

"నాకు పదేళ్ళప్పుడు చెప్పినా సరిపోయేది," అంది చివరికి. "పన్నెండేళ్ళప్పుడు అద్దం పట్టుకుని అడిగాను. అప్పుడు చెప్పినా సరిపోయేది. ఈ పిల్ల పుట్టినప్పుడు మా అత్తగారు పటం దింపి పక్కన పెట్టుకుని చూసింది. ‘అమ్మమ్మ పోలిక ఒక్కటీ రాలేదేంటే’ అంది. ఎగతాళికే అంది. నేను మూడు రోజులు ఏడ్చా. నాకూ రాలేదు, దీనికీ రాలేదు, అమ్మ పూర్తిగా పోయిందనుకుని ఏడ్చా."

నేను చేతిలోని డ్రాయింగు కాగితం కింద పెట్టాను.

"అయితే నాకు అమ్మ పోలిక ఉందా? నువ్వు చూశావుగా. ఇరవై మూడేళ్ళు చూశావు. చెప్పు."

ఆమె ముఖంలోకి చూశాను. ఉందని చెప్పాలని నాకు ఎంతో ఉంది. ఎంత చూసినా, పక్కన పెట్టి పోల్చడానికి నాలో ఏ ముఖమూ లేదు. రెండు పటాలు గీసి, పదిహేనేళ్ళు వాటినే చూసి, ఉన్న కాస్తా నేనే చెరిపేసుకున్నాను. అబద్ధం చెప్పడానికి ఈసారి నోరు రాలేదు.

"తెలియదమ్మా," అన్నాను.

లేచి వెళ్ళి నాన్న ఫోటోముక్క తెచ్చి ఇచ్చాను. పరీక్షల ఏటి డైరీ వెతికి, అందులోని చేతి బొమ్మ కూడా తెచ్చాను. ఇదొక్కటే అమ్మను చూసి గీసిందని చెప్పాను. ఆమె దాన్ని ఒళ్ళో పరుచుకుని, మూడు వేళ్ళనూ ఒక్కొక్కటే చూసింది. గాటు మీద వేలు పెట్టబోయి, బొగ్గు చెదురుతుందని వెనక్కి తీసుకుంది. తన చెయ్యి పక్కన పెట్టుకుంది. తిప్పి చూసింది. "చెప్పలేకుండా ఉంది. వేళ్ళు అందరికీ ఒకేలా ఉంటాయిగా," అంది.

అప్పుడు నాకు మేష్టారి మాట గుర్తొచ్చింది. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకో. ముప్ఫై ఎనిమిదేళ్ళు వచ్చాయి, అప్పటికీ ఆ పని చేయలేదు. "కాసేపు కదలకుండా కూర్చో. నిన్ను గీస్తాను," అన్నాను. ఆమె ముఖంలో అమ్మది ఏదైనా ఉంటే, చూసి గీస్తే అదైనా కాగితం మీదికి వస్తుందేమోనన్న ఆశ. రేపల్లెలో పిల్లకు చూపించుకోవడానికి నిజమైనది ఒకటి ఉంటుంది. ఆమె పిల్లను ఒళ్ళో వేసుకుని స్తంభానికి ఆనుకుని కూర్చుంది. అమ్మలా ఆయుష్షు మాట ఎత్తలేదు.

మొదటి కాగితం చించేశాను. రెండోదీ చించేశాను. మూడోదానికి గంట పట్టింది. ఎండ వరండా మెట్లు దాటిపోయింది. ఆమె ఒక్కసారి కూడా కదలలేదు. పూర్తయ్యాక చేతికిచ్చాను. నిద్రపోతున్న పిల్లకేసి చూస్తూ కూర్చుంది కనుక ఆమె కళ్ళు కిందికే ఉన్నాయి. ఆ రెప్పలను నేను చూశాననే అనుకున్నాను. సన్నగా మొదలై, మధ్యలో బరువెక్కి, చివర సన్నబడ్డాయి.

ఆమె కాగితాన్ని కొంచెం దూరంగా పట్టుకుని చూసింది. కోపం లేదు ఆ గొంతులో.

"మళ్ళీ ఆవిడే వచ్చింది అన్నయ్యా."

సాయంత్రం బండికి వెళ్ళిపోయింది. చేతి బొమ్మ, ఫోటోముక్క పట్టుకెళ్ళింది. నేను గీసిన కాగితం వరండాలోనే వదిలేసింది. తర్వాత తెనాలి వెళ్ళి మా పాత సందులో ఇద్దరిని, తనకు అమ్మ పోలిక ఉందా అని అడిగిందట. ఒకావిడ తల్లీకూతుళ్ళకు అచ్చుగుద్దినట్టు పోలికేనంది. ఇంకొకావిడ, అమ్మది గుండ్రటి ముఖం, నీది కోల ముఖం అంది. దుగ్గిరాల పెద్దమ్మ అప్పటికే లేదు. ఆ సంగతి ఉత్తరంలో రెండు వాక్యాల్లో రాసి, పిల్లకు పళ్ళు వస్తున్నాయని మూడో వాక్యం రాసింది.

రేపల్లె ఇంట్లో పటం దింపలేదు. దింపితే అత్తగారికి చెప్పాలి, భర్తకు చెప్పాలి. అందరూ దానికి పండగలకు బొట్టు పెడుతున్నారు. పిల్ల మాటలు నేర్చి దాన్ని అమ్మమ్మా అని పిలిచింది. నేను ఏడాదికి రెండుమూడుసార్లు వెళ్ళేవాణ్ణి. వెళ్ళినప్పుడల్లా చెల్లెలు పటం ఉన్న గదిలోనే పీట వేసి అన్నం పెట్టేది. ప్లేటు సంగతి చెప్పాక మొదటిసారి వెళ్ళిన రోజున పీటను నేనే అటు తిప్పుకుని, ఆ గోడకు వీపు పెట్టి కూర్చున్నాను. ఆమె చూసింది. తర్వాత ఎప్పుడు వెళ్ళినా పీట అలాగే వేసి ఉంచేది.